మేస్త్రి ఎక్కడికి పోయాడు? ఇద్దరు సంపాదకులు, ఒక సంకలనం: కేస్ స్టడీ

ఈ కేసులో నేను బయటివాణ్ణి కాను. తప్పు జరిగింది నా కంప్యూటర్ మీద, నా చేతులతో. ఆ మాట మొదటే చెప్పకపోతే మిగతాది చెప్పే అర్హత నాకు ఉండదు.

పదిహేనేళ్లకు పైగా నల్లగొండలో పుస్తకాల పని చేస్తున్నాను. టైపు చేయడం, ప్రూఫులు దిద్దడం, పేజీలు కట్టడం, ప్రెస్సుకు పంపడం, అచ్చయి వచ్చిన కట్టలు విప్పి లెక్కపెట్టి ఇవ్వడం. మా వైపు కథల పుస్తకమైనా కవితల పుస్తకమైనా ఎక్కువగా సొంత డబ్బుతోనే వస్తుంది. 300 ప్రతులు, మహా అయితే 500. ఇద్దరు సంపాదకుల పేర్లున్న పుస్తకాలు కూడా చాలానే నా చేతుల మీదుగా వెళ్లాయి. వాటిలో చాలా చోట్ల ఒకరు పని చేస్తారు, మరొకరు పేరు ఇస్తారు. అక్కడ గొడవలు రావు. ఇద్దరూ ప్రాణం పెట్టి పని చేసిన పుస్తకాల్లోనే వస్తాయి. ఇది అటువంటి పుస్తకం.

పాలమూరు, దేవరకొండ ప్రాంతాల నుంచి బొంబాయికి, పుణెకు వలస వెళ్లినవారి కథలు, అనుభవాలు కలిపిన సంకలనం. మొత్తం 23 రచనలు, 208 పేజీలు, అంటే పదహారు పేజీలకు ఒకటి చొప్పున 13 ఫారాలు. సంపాదకుల్లో ఒకరు నల్లగొండలో రిటైరైన తెలుగు లెక్చరర్. మరొకరు మహబూబ్‌నగర్ వైపు ప్రభుత్వ బడిలో పనిచేసే టీచర్. ఆయనను సారు అని, ఆమెను మేడం అని రాస్తాను. ఇద్దరి అనుమతితోనే రాస్తున్నాను. ఇద్దరూ ఈ వ్యాసం చదివి చెరొక చోట దిద్దారు, ఆ దిద్దుబాట్లు ఒకరివి ఒకరికి చూపించాను.

సారు ఆమెకు తరగతిలో పాఠం చెప్పలేదు గానీ ఆమె ఆయనను గురువుగానే చూసేవారు. ఆయన ఆమెను "అమ్మా" అని పిలిచేవారు. ఆ గౌరవాన్ని నేను తక్కువ చేయను. కానీ గౌరవం అంతగా ఉన్నచోట "ఇక్కడ ఏం మార్చారు?" అని అడగడమే అవమానించినట్టు అనిపిస్తుంది. పుస్తకం మొదలైనప్పుడు ఎవరేం చేయాలో కాగితం మీద ఒక్క ముక్క లేదు. మేడం ఊళ్లు తిరిగి రచనలు తేవాలి, సారు భాష చూడాలి. ఫోనులో అనుకున్నది అంతే. భాష చూడటమంటే అక్షర దోషాలు దిద్దడమని ఆమె అనుకున్నారు. నలుగురికీ అర్థమయ్యేలా తీర్చిదిద్దడమని ఆయన అనుకున్నారు. ఏడు నెలల పాటు ఆ రెండు అర్థాలూ ఒకదాన్నొకటి తాకకుండా నడిచాయి.

71వ పేజీ

ముంబై శివార్లలో భవన నిర్మాణ పనిచేసే ఒకాయన రాసిన కథ ఉంది అందులో. ఇంటర్ దాకా చదివారు. చిన్నప్పుడు తండ్రి గుంపుమేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఇంటిల్లిపాదినీ కాలువ పనికి తీసుకుపోయిన సంగతి రాశారు. గుంపుమేస్త్రి అంటే తెలియనివారి కోసం చెబుతాను. అతను ఊళ్లోనే ఉంటాడు. పండగకు ముందో, ఇంట్లో పెళ్లికి ముందో కుటుంబానికి అడ్వాన్సు ఇస్తాడు. అది తీరేదాకా ఆ కుటుంబం అతని గుంపులో చేరి డ్యాముల దగ్గరా కాలువల దగ్గరా మట్టి మోయాలి. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా పాలమూరు లేబరు ఉందంటే దాని వెనుక ఉన్న ఏర్పాటు ఇదే. పైన కాంట్రాక్టర్ వేరే ఉంటాడు. అతని ముఖం కూలీలు చూడకపోవచ్చు. మేస్త్రి మాత్రం పక్క వీధివాడు, వరస పెట్టి పిలిచేవాడు. ఈ కథలో తండ్రి అతన్ని "బావా" అంటాడు. అడ్వాన్సు చేతిలో పెట్టించుకుంటూ ఒకసారి, రెండేళ్ల తర్వాత ఇంకా ఎంత బాకీ ఉందో అడుగుతూ ఒకసారి. కథ బలమంతా ఆ రెండు పిలుపుల మధ్య ఉంది.

ఒక సాయంత్రం సారు నా పక్కన కూర్చుని ఈ కథ దగ్గర ఆగారు. "గుంపుమేస్త్రి అంటే గుంటూరులో ఎవరికి తెలుస్తుంది? కాంట్రాక్టర్ అని పెట్టు" అన్నారు. ఒకేసారి వెతికి మార్చే ఏర్పాటు ఉంది కదా, అలాగే చేశాను. 11 చోట్ల మారింది. తర్వాత చదివి చూస్తే కాంట్రాక్టర్‌ను "బావా" అనడం అతకలేదు. ఆ రెండు వాక్యాలూ తీసేయమన్నారు. తీసేశాను. అంతా కలిపి అరగంట పని. మేడానికి ఈ సంగతి తెలుసా అని నేను అడగలేదు. చెప్పే ఉంటారులే అనుకున్నాను. అడిగితే పెద్దాయనను శంకించినట్టు ఉంటుందనీ అనుకున్నాను.

అయితే ఒక్క చోట మిగిలిపోయింది. "మేస్త్రి" అని వెతికితే "మేస్త్రులు" దొరకదు. బహువచనంలో గుడి పోయి కొమ్ము వస్తుంది, కంప్యూటర్‌కు అది వేరే మాట. 71వ పేజీలో "గుంపుమేస్త్రులు పండగ ముందే ఊళ్లు తిరిగేవారు" అన్న వాక్యం అలాగే ఉండిపోయింది. మేడం ప్రూఫు చదువుతూ అక్కడ ఆగారు. కథంతా కాంట్రాక్టర్ ఉంటే ఇక్కడికి మేస్త్రులు ఎలా వచ్చారని వెనక్కి తిరగేశారు. ఆ రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోను వచ్చింది. "మేస్త్రి ఎక్కడికి పోయాడండీ?" అన్నారు. గొంతులో కోపం లేదు. నిజంగా అర్థం కాక అడిగారు. జవాబు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆమె ఆ పేజీలు ఫోటో తీసి రచయితకు పంపారు. పంపకముందు సారుతో మాట్లాడి ఉండాల్సిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆమె ఒప్పుకోరు. మరునాడు ఆ రచయిత నాకే ఫోను చేశారు. "మా నాన్న అప్పు చేసింది మా ఊరి మనిషి దగ్గర. మీరు ఆ పాపం తీసుకుపోయి ఎవరో ముఖం తెలియనివాడి మీద వేశారు. రేపు మా ఊళ్లో చదివినవాళ్లు నేనే భయపడి మార్చుకున్నానంటారు" అన్నారు. భాష సరళం చేశామని నేను అనుకున్న పని ఆయన ఊళ్లో ఆయన పరువుకు సంబంధించినదైంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఇదే చెబుతుంది. హక్కులు వేరొకరికి రాసి ఇచ్చిన తర్వాత కూడా, తన పేరు ప్రతిష్ఠలకు భంగం కలిగేలా రచనను మారిస్తే రచయిత అభ్యంతరం చెప్పవచ్చు. ఆ సెక్షన్ నాకు ముందే తెలుసు. ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది.

మేడం తన పేరు తీసేయమన్నారు. "ఆమె నన్ను దొంగలా చూస్తోంది" అని సారు అన్నారు. ప్రెస్సుకు వెళ్లడానికి సిద్ధంగా ఉన్న తొమ్మిది ఫారాలను నేను ఆపేశాను.

జాడ లేని దిద్దుబాటు

ఒక్క కథలో ఇలా జరిగితే మిగతా 22లో ఏం జరిగింది? ఇద్దరూ అడిగిన ప్రశ్న ఇదే. ఒకరు అనుమానంతో, ఒకరు రోషంతో అడిగారు. నా దగ్గర జవాబు లేదు. తెలుగు పుస్తకాల పని చేసేవారికి దీని కారణం తెలుసు. మేం అను ఫాంట్లలో టైపు చేసి పేజ్‌మేకర్‌లో పేజీలు కడతాం. అందులో మార్పులకు జాడ ఉండదు. కొత్త మాట కొట్టగానే పాతది పోతుంది, ఎవరు మార్చారో ఎప్పుడు మార్చారో ఎక్కడా మిగలదు. ఎర్ర సిరాతో దిద్దిన ప్రూఫు కాగితాలు కరెక్షన్లు ఎక్కించగానే చిత్తు కింద పోతాయి. ఇద్దరు సంపాదకుల మధ్య నమ్మకం గురించి మనం మనుషుల గుణాల మీద మాట్లాడుకుంటాం. ఎదుటివారు ఏం చేశారో చూసే వీలే లేని పద్ధతిలో ఎంత మంచివాళ్లకైనా నమ్మకం ఎన్నాళ్లు నిలుస్తుంది?

మూలాలు వెతికాను. 14 రచనలు చేతిరాతవి, ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపినవి. ఆరు ఫోనులో టైపు చేసినవి. మూడు రికార్డింగులు. పదకొండు రోజులు కూర్చుని ఒక్కొక్క పేజీ పక్కన దాని మూలం పెట్టి చూశాను. తొమ్మిది రచనల్లో మార్పులు అక్షర దోషాలకే పరిమితం. అక్కడ సారు చేసిన పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది. పదింటిలో మాటలు మారాయి, కొన్ని మేలుకే, కొన్ని అనవసరంగా. నాలుగింటిలో విషయమే మారింది. ఆ నాలుగింటిలో మూడు సారు చేసినవి. నాలుగోది చూసి నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. అది మేడం చేసినది.

41 నిమిషాలు

అది ఒక తల్లి అనుభవం. ఆమెకు చదువు రాదు. మేడం ఆ తల్లి ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుని ఫోనులో రికార్డు చేశారు, 41 నిమిషాలు. పుస్తకంలో ఆ తల్లి పేరుతో ఆరు పేజీలుగా వచ్చింది, మొదటి నుంచి చివరి దాకా "నేను" అంటూ. చెప్పినవారు ఒకరు, రాసినవారు ఒకరు అన్న మాట ఎక్కడా లేదు.

రికార్డింగు రెండుసార్లు విన్నాను. ఇరవై ఏళ్లు బొంబాయిలో బతికిన మనిషి. మాటల్లో హిందీ వస్తుంది, మరాఠీ వస్తుంది, వరస గదుల ఇళ్లను చెప్పే "చాల్", కూలీలు పని కోసం నిలబడే కూడలిని చెప్పే "నాకా" వస్తాయి. రాతలో అవేవీ లేవు. వాటి చోట ఆమె పలకని పాలమూరు మాటలు వచ్చి కూర్చున్నాయి, ఆమె నోట వచ్చిన యాసకంటే చిక్కగా. చివరన ఒక వాక్యం ఉంది: "ప్రతి రాత్రీ మా ఊరి చెరువు కలలోకి వచ్చేది." చదివినవారందరికీ అదే నచ్చింది, సారు కూడా దాని పక్కన టిక్కు పెట్టారు. 41 నిమిషాల్లో ఆ వాక్యం లేదు.

సారు యాసను చదును చేశారు, మేడం యాసను చిక్కబరిచారు. ఇద్దరూ ప్రేమతోనే చేశారు. నన్నడిగితే రెండోది పట్టుకోవడం కష్టం. చదును చేస్తే ఎవరో ఒకరు నొచ్చుకుని అడుగుతారు. చిక్కబరిస్తే చదివినవారు మెచ్చుకుంటారు. చెప్పిన మనిషికి చదువు రాదు కనుక ఆమెకు తెలిసే దారే లేదు.

దీన్ని ఎవరికి ముందు చెప్పాలన్నది నాకు కష్టమైన నిర్ణయం. సారుకు చెబితే ఆయన చేతికి కర్ర ఇచ్చినట్టు. చెప్పకపోతే మళ్లీ ఒకరికి తెలిసింది మరొకరికి తెలియని పుస్తకమే. మేడానికి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రేపు సాయంత్రం సారుకు చెబుతాననీ, ఈలోగా మీరే చెబితే మంచిదనీ అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆమె కళ్లు చూస్తే నాకు అలా అనిపించింది. ఆమె అనలేదన్నది నిజమే" అన్నారు. మరునాడు పొద్దున్నే సారుకు ఫోను చేసి చెప్పారు. ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. రాత్రి మా ఇంటికి వచ్చి, తాను మార్చిన మూడు రచనల్లో ఏం మార్చారో, ఎందుకు మార్చారో తానే చెప్పడం మొదలుపెట్టారు. అంతకు ముందు నేను ఆయనతో మాట్లాడిన గంటలన్నీ వృథా. ఆమె తన తప్పు తానే ముందు చెప్పుకోవడమే ఆయన నోరు విప్పించింది.

కల్వకుర్తిలో ఒక ఆదివారం

ఇద్దరికీ మధ్యదారి అని కల్వకుర్తిలో కలిశాం. నేను, సారు దేవరకొండ మీదుగా వెళ్లాం, మేడం జడ్చర్ల మీదుగా వచ్చారు. ఒక బడి స్టాఫ్‌రూము తాళం తీయించుకుని పదకొండింటి నుంచి పొద్దు కుంకేదాకా కూర్చున్నాం.

సారు వాదన బలమైనదే. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు, 354 మంది కవులను లోకానికి చూపించారు. సంకలనం చేసేది చూపించడానికి, చూసేవారికి అర్థం కాకపోతే ఎందుకు చేయాలి అన్నారు. "354 మందిని చూపించారు కదా సార్. ఒక్కరినే 354 సార్లు చూపించలేదు" అన్నారు మేడం. సురవరం పాలమూరు మనిషి. ఇద్దరూ ఆయన మీద ప్రాణం పెట్టుకున్నవారే, ఆయన పేరు మీదే కొట్లాడుకున్నారు. మధ్యలో నేను మాట్లాడలేదు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక సారు ఇంకో సంగతి చెప్పారు. చదువుకునే రోజుల్లో ఆయన నోరు తెరిస్తే తరగతి నవ్వేదట. ఆ నవ్వు పోగొట్టుకోవడానికి తన మాటను తానే మార్చుకున్నారు. "ఈ పిల్లవాడి కథ చదివి ఎవరూ నవ్వకూడదని మార్చానమ్మా" అన్నారు. మేడం కళ్లు తుడుచుకున్నారు. కాసేపటికి, "ఆయన్ను చూసి ఎవరూ నవ్వలేదు సార్. నవ్వుతారని మనం అనుకున్నాం" అన్నారు. ఆ మాట తర్వాత వాళ్ల మధ్య అరవడం లేదు. మనసులు కలిసిపోయాయని మాత్రం నేను రాయను.

ఒక పేజీ ఒప్పందం రాసుకున్నాం. అక్షర దోషాలు ఎవరైనా దిద్దవచ్చు. మాట మారిస్తే రెండో సంపాదకులకు చూపాలి. విషయం మారితే రచయిత ఒప్పుకోవాలి. సంపాదకులు ఇద్దరికీ కుదరని చోట రచయిత రాసినదే ఉంటుంది. దీని మీద గంటన్నర చర్చ జరిగింది. పెద్దవారి మాట చెల్లాలని సారు, సేకరించినవారి మాట చెల్లాలని మేడం పట్టుబట్టారు. చివరికి ఇద్దరూ వదులుకుని రచయితకు ఇచ్చారు. విని రాసిన రచనల్లో చెప్పినవారి పేరు, రాసినవారి పేరు రెండూ ఉండాలి. సంపాదకుల పేర్లు అకారాది క్రమంలో. డబ్బు సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది.

రచయితల అనుమతి పత్రాలు కూడా అప్పుడే తయారు చేశాం. అంతవరకూ నోటిమాటే. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే చట్టం ప్రకారం అయిదేళ్లుగా లెక్కిస్తారు. మేం ఒక్క ముద్రణకే అడిగాం, మలిముద్రణకు మళ్లీ అడుగుతామని రాశాం.

చదివి వినిపించడం

తర్వాత మూడు వారాలు చివరి పేజీలు ఒక్కొక్క రచయితకూ చేర్చాం. ముంబై రచయితకు షిఫ్టు దిగాక రాత్రి పదింటికి ఫోనులో సారే చదివి వినిపించారు. మేస్త్రి 11 చోట్లా తిరిగి వచ్చాడు, "బావా" రెండు చోట్లా వచ్చింది. గుంపుమేస్త్రి అంటే ఎవరో చెబుతూ పేజీ అడుగున సారు రెండు వరుసల వివరణ రాశారు. ఆ పుస్తకంలో ఆయన రాసిన వాటన్నిటిలో నాకు నచ్చినది అదే. గుంటూరు పాఠకుడికీ అర్థమవుతుంది, రచయిత మాట ఒక్కటీ పోదు.

మేడం ఆ తల్లి ఇంటికి వెళ్లి ఆమెకు చదివి వినిపించారు, నేను ఫోనులో వింటున్నాను. చెరువు వాక్యం కూడా కావాలనే చదివారు. ఆమె కాసేపు ఊరుకుని, తనకు ఎన్నడూ చెరువు కలలోకి రాలేదన్నారు. పొద్దంతా ఇటుకలు మోసి పడుకుంటే ఒళ్లు తెలియని నిద్ర పట్టేదనీ, కలలు ఎక్కడివనీ అన్నారు. తల్లిగారింట్లో వదిలి వెళ్లిన పిల్లలు మెలకువగా ఉన్నప్పుడే గుర్తొచ్చేవాళ్లనీ, ముఖ్యంగా అన్నం తినేటప్పుడనీ అన్నారు. ఆమె మాటను నేనిక్కడ మామూలు తెలుగులో రాశాను, ఆమె అన్నది అన్నట్టుగా పుస్తకంలో ఉంది. రచన ఇప్పుడు ఆ అన్నం మాటతోనే ముగుస్తుంది.

అన్నీ సర్దుకోలేదు. సారు మార్చిన మూడింటిలో ఒక రచయిత, మూలం పెడతామన్నా ఒప్పుకోలేదు. అడగకుండా ఒకసారి మార్చినవారు రెండోసారి మార్చరని నమ్మకం ఏమిటన్నారు. ఆయన ఎనిమిది పేజీలు తీసేశాం. పుస్తకం 200 పేజీలకు, పన్నెండున్నర ఫారాలకు తగ్గింది. అనుకున్నదానికి నాలుగు నెలలు ఆలస్యంగా 500 ప్రతులు వచ్చాయి. అట్ట మీద రెండు పేర్లూ ఉన్నాయి. ముందుమాటలు మాత్రం వేరువేరుగా రెండు. కలిసి ఒకటి రాయమని నేను అడిగాను, ఇద్దరూ వద్దన్నారు.

నా పనిలో మారినవి కొద్దిగా చెబుతాను. ఇప్పుడు ప్రతి పుస్తకానికీ ఒక నోటుబుక్కు పెడుతున్నాను. తేదీ, పేజీ, పాత మాట, కొత్త మాట, చెప్పినవారి పేరు. మాట మార్చమని ఒకరు చెబితే, చేతులు కీబోర్డు మీద పెట్టకముందే రెండోవారికి సందేశం వెళుతుంది. దీనికి నొచ్చుకుని వేరే చోటికి వెళ్లినవారూ ఉన్నారు. ఎర్ర సిరా ప్రూఫులను పుస్తకం వచ్చాక కూడా రెండేళ్లు దాస్తున్నాను.

ప్రతులు అయిపోయాయి, మలిముద్రణ మాట వచ్చింది. అప్పుడు ఒప్పుకోకుండా తన ఎనిమిది పేజీలు వెనక్కి తీసుకున్న రచయిత, మూలం మూలంగా వేస్తే ఇస్తానని నెల కిందట ఉత్తరం రాశారు. ఒప్పందం ప్రకారం ఇద్దరు సంపాదకులూ సంతకం చేయాలి. మేడం చేసి పంపారు. సారు ఇంకా చేయలేదు. ముందు మూలాన్నీ, అప్పుడు తాను మార్చిన పేజీలనూ పక్కపక్కన పెట్టి చూడాలన్నారు. రెండూ దొరికాయి, నిన్ననే ప్రింటు తీసి ఇచ్చాను. వచ్చే ఆదివారం కల్వకుర్తిలో స్టాఫ్‌రూము తాళం దొరుకుతుందేమో కనుక్కోమని సారే మేడానికి ఫోను చేశారట.